ఊరు ఒప్పుకున్న మాట

క్వారీ వీధి, చివరి ఇల్లు

పిచ్చుకా,

ఇక్కడ క్షేమమే. ఫోన్లో ఈ మాట అంటే నువ్వు "ఏమైంది వదినా" అంటావు, నేను "ఏం కాలేదు" అంటాను, ఆ తర్వాత ఇద్దరం ఫోన్ పెట్టేస్తాం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇందులో మధ్యలో అడ్డు తగలడానికి నీకు వీలుండదు.

మీ పర్యాటక కేంద్రంవాళ్ళు చెప్పినవన్నీ అయ్యాయి. వీధి మొదట్లో బాణం గుర్తు బోర్డు పెట్టారు. క్వారీ అంచు చుట్టూ ఇనప కమ్మీలు కట్టి, నీళ్ళవైపు తిరిగి కూర్చోవడానికి బెంచీలు వేశారు. క్వారీ అనే మాట ఇక ఎవరి నోటా రాకూడదనీ, 'నీలి సరస్సు' అనాలనీ సంఘంలో తీర్మానం. సంఘం పెద్ద మేస్త్రి గారే ఆ తీర్మానం చదివారు. అయినా వచ్చినవాళ్ళని ఆయనే ఎదురెళ్ళి "గుంట చూడ్డానికొచ్చారా" అని అడుగుతున్నారు. టీచరమ్మ తల పట్టుకుంటోంది. క్వారీ మూతపడ్డాక ఊరొదిలి పోయినవాళ్ళలో రెండు కుటుంబాలు తిరిగొచ్చాయి. ఈ సంగతి నీకు తప్పకుండా రాయమని మేస్త్రి గారు మరీ మరీ చెప్పారు.

ముందు గది అతిథులకి ఇచ్చేసి నేను వంటింటి పక్క గదిలోకి మారాను. ఏ వస్తువు ఎక్కడుండాలో చీటీ అంటించమన్నారు కదా, అంటించాను. 'తువ్వాళ్ళు', 'దుప్పట్లు', 'టీ కప్పులు'. నా ఇంట్లో నాకే చదువుకోవడానికి బోలెడుంది. ఏ వస్తువూ అంగుళం కదలడం లేదు. మీ అన్నయ్య చూస్తే వేరే ఎవరింటికో వచ్చాననుకుంటారు.

ఇక అసలు సంగతి. ఊరి కథ ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఊరంతా కూర్చుని విని ఒప్పుకున్నాకే అతిథులకి చెప్పాలి అని కదా మీ పద్ధతి. క్వారీలో రాతి గోడ జారిన రోజు సంగతి నేను చెబితేనే బాగుంటుందని నన్ను నిలబెట్టారు. చెప్పాను. గోడ జారింది, నలుగురు అడుగున పడిపోయారు, ముగ్గుర్ని బయటికి తీశారు, మా ఆయన దొరకలేదు, కొన్నాళ్ళకి నీళ్ళు తోడే పంపులు ఆపేశారు, గుంట నిండింది, మీరు చూస్తున్న నీళ్ళు అవే. అంతే చెప్పి కూర్చున్నాను. అది ఎవరికీ చాలలేదు.

ఆ రోజు పొద్దున ఇంట్లోంచి వెళ్తూ ఆయన నీతో ఏమన్నాడని ఎవరో అడిగారు. ఏదో అనే ఉంటారు, గుర్తులేదన్నాను. సెలూన్ ఆయన లేచి, సాయంత్రం త్వరగా వచ్చేస్తాను అని ఉంటాడన్నాడు. 'దీపం పెట్టి ఉంచు' అని కూడా కలిపితే నిండుగా ఉంటుందని టీచరమ్మ అంది. మన వీధికి కరెంటు నేను కాపురానికి రాకముందే వచ్చింది. అయినా అందరూ చేతులెత్తారు. వాళ్ళతోపాటు నేనూ ఎత్తాను.

మొన్న మొదటి గుంపుకి అలాగే చెప్పాను. ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తడిరాయి మీద జారతారేమోనని నేను వాళ్ళ చెప్పులు చూస్తూ నిలబడ్డాను. అంతకుమించి ఏమీ అనిపించలేదు. ఊరికే చెబుతున్నాను, దిగులు పడకు.

మీ వదిన


పర్యాటక శిక్షణా కేంద్రం, రెండో అంతస్తు

వదినా,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. మా పై అధికారికి కూడా చూపించాను, చివరి నాలుగు వాక్యాలు మడిచిపెట్టి. ఆయన రెండుసార్లు చదివారు. బయటివాళ్ళు వచ్చి అలంకరించిన ఊళ్ళు రెండేళ్ళలో పాడుపడతాయి, తన కాళ్ళమీద తను లేచిన ఊరే నిలబడుతుంది అని మేం ప్రతిచోటా చెబుతుంటాం. చెప్పడమేగానీ చూపించడానికి మాకు ఇన్నాళ్ళూ ఒక ఊరు లేదు. ఇప్పుడు మన ఊరు ఉంది. నేను ఏ ఊరు వెళ్ళి పాఠం చెప్పినా తెరమీద మొదటి బొమ్మ మన నీలి సరస్సుదే. లైట్లు తీసి ఆ బొమ్మ వేయగానే వెనక వరసవాళ్ళు కూడా మెడలు సాచి చూస్తారు.

దీపం సంగతి పట్టించుకోకు. వినేవాళ్ళు నిన్ను కరెంటు బిల్లు అడగరు. ఊరంతా కలిసి ఒప్పుకున్న మాట కాబట్టి అది ఊరి మాట. రెండు చిన్న సలహాలు. నీళ్ళకి వీపు పెట్టి నిలబడు, అప్పుడు నీ వెనక నీలం కనిపిస్తుంది. ఆ చివరి మాటకి ముందు కాస్త ఆగు. అతిథులు ఏడుస్తున్నారంటే పని జరుగుతోందన్నమాట.

ఏమీ అనిపించలేదన్నావు. కొత్తలో అలాగే ఉంటుంది. పోనుపోను అలవాటవుతుంది.

వేరే ఊళ్ళ నుంచి ఒక బృందం వచ్చేనెల మీ దగ్గరికి నేర్చుకోవడానికి వస్తుంది. మేస్త్రి గారిని కొత్త చొక్కా వేసుకోమని చెప్పు.

నీ పిచ్చుక


క్వారీ వీధి, చివరి ఇల్లు

పిచ్చుకా,

నేర్చుకునేవాళ్ళు వచ్చి వెళ్ళారు. మేస్త్రి గారు కొత్త చొక్కా వేసుకున్నారు గానీ దాని మెడకున్న అట్టముక్క తీయడం మరిచిపోయి, రోజంతా తల తిప్పకుండా పెళ్ళికొడుకులా తిరిగారు. అది మర్యాద అనుకుని వాళ్ళు కూడా ఆయనతో అంత బిగుసుకునే మాట్లాడారు. వెళ్ళేటప్పుడు మన పద్ధతులన్నీ రాసుకుని వెళ్ళారు.

నువ్వు చెప్పినట్టే నీళ్ళకి వీపు పెట్టి చెబుతున్నాను. ఆగమన్న చోట ఆగుతున్నాను. పొద్దున ఒక గుంపు, మధ్యాహ్నం ఒక గుంపు, ఆదివారాలైతే ఇంకోటి. పోనుపోను అలవాటవుతుందన్నావు కదా, అయింది. ఇప్పుడు చెబుతూనే మనసులో దుప్పట్లు లెక్కపెట్టుకోగలను. నిన్న ఒక పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడిచాడు. ఆయన్ని బెంచీమీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. పాపం ఎవరు పోయారో అనుకున్నాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, పోయింది మా ఆయనే.

నాకు భయం వేసింది పిచ్చుకా. భయం అని రాస్తున్నాను గానీ అదీ సరిగ్గా తెలియడం లేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని, ఆ రోజు పొద్దున మీ అన్నయ్య నిజంగా ఏమన్నారో గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే గడపలో నిలబడతారు, నోరు తెరుస్తారు, సెలూన్ ఆయన గొంతు వినిపిస్తుంది. "సాయంత్రం త్వరగా వచ్చేస్తాను, దీపం పెట్టి ఉంచు." ఎన్నిసార్లు చూసినా అంతే. మొహం ఆయనదే, గొంతు సెలూన్ ఆయనది.

నువ్వు అప్పుడు పరీక్షల సెలవులకి ఇంట్లోనే ఉన్నావు. ఆయన ఏమన్నారో నీకు గుర్తుందా? మంచి మాటే కానక్కర్లేదు. ఆయన అన్నదైతే చాలు.

మీ వదిన


పర్యాటక శిక్షణా కేంద్రం, రెండో అంతస్తు

వదినా,

ఆలస్యానికి ఏమనుకోకు. వరసగా మూడు ఊళ్ళు తిరిగాను. మొదటి ఊరివాళ్ళకి చూపించడానికి కొండ ఉంది, నడవడానికి దారి లేదు. రెండో ఊరివాళ్ళకి దారి ఉంది, చూపించడానికి ఏమీ లేదు. మూడో ఊరివాళ్ళు మాకు మీ ఊరిలాంటి కథ కావాలన్నారు, అది ఎక్కడ తెచ్చి పెట్టను?

నీకు మంచి వార్త. సరస్సులో పడవలు నడపడానికి అనుమతి వచ్చేసింది. ఇంకోటి, రోజూ అన్నిసార్లు చెప్పి నువ్వు అలిసిపోతున్నావని నేనే మా పై అధికారితో మాట్లాడాను. కేంద్రం నుంచి ఒక సాంకేతిక నిపుణుడు వచ్చి నీ గొంతు రికార్డు చేస్తాడు. అతిథులు చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పడవలో వెళ్తూ నీ మాటల్లోనే వింటారు. నువ్వు ఒక్కసారి బాగా చెబితే చాలు, ఇక ఎప్పటికీ చెప్పక్కర్లేదు. ముందు సాధన చేసి ఉంచుకో. దగ్గు రాకుండా గోరువెచ్చని నీళ్ళు తాగు.

మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళావా? వాయిదా వేయకు.

ఆ రోజు సంగతి అడిగావు. నేను నిద్రలో ఉన్నాననుకుంటాను. సెలవుల్లో నేను ఎప్పుడు లేచేదాన్నో నీకు తెలుసుగా.

నీ పిచ్చుక


క్వారీ వీధి, చివరి ఇల్లు

పిచ్చుకా,

నువ్వు నిద్రలో లేవు.

నేను అంట్ల నీళ్ళు పారబోయడానికి వీధిలోకి వస్తే నువ్వు మెట్లమీద కూర్చుని ఉన్నావు. నోట్లో బ్రష్షు, గడ్డం మీదికి నురగ. నవ్వుతున్నావు. ఎందుకే ఆ నవ్వు అని అడిగాను, నువ్వు చెప్పలేక వీధి చివరికి చెయ్యి చూపించావు. ఆ చెయ్యి వరకు నాకు స్పష్టంగా గుర్తుంది. నువ్వు ఏం చూపించావో అది మాత్రం లేదు. అక్కడ ఎవరో తుడిచేసినట్టుంది. ఎవరో ఏమిటి, నేనే తుడిచాను, రోజుకి రెండు పూటలా.

పడవలు దింపే ముందు మేస్త్రి గారు ఇంటికొచ్చారు. గుమ్మంలోనే నిలబడి, కింద మీ ఆయన ఉన్నాడు కదమ్మా, పైన పడవ తిప్పితే నీకేమైనా కష్టమా అని అడిగారు. నువ్వు వద్దంటే వద్దు అన్నారు. మంచి మనిషి. తిప్పుకోండి, ఊరు బాగుపడుతోంది కదా అన్నాను. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు. మర్నాడు మొదటి పడవలో నన్నే కూర్చోబెట్టారు. నీళ్ళు తేటగా ఉన్నాయి, కోసిన రాతి మెట్లు చాలా లోతు వరకు కనిపించాయి. అక్కడ ఉన్నారనుకుని చూశాను. నీళ్ళు చూసినట్టే ఉంది, మనిషిని చూసినట్టు లేదు. నాకు ఏడుపు రావాలి పిచ్చుకా. రావడం లేదని దిగులుగా కూడా లేదు. అదే నాకు నచ్చడం లేదు.

రికార్డు చేసేవాడు సోమవారం వస్తున్నాడు. రోజూ నోటితో చెప్పినంత కాలం, అది తప్పని నాలో ఎక్కడో ఒక మూల తెలుస్తూనే ఉండేది. ఒకసారి ఆ మెషీన్లో పడ్డాక నేను పోయినా ఆ దీపమే మిగులుతుంది. నాకు ఊరిమీద కోపం లేదు. వాళ్ళు అడిగింది ఇస్తాను. కానీ ఇచ్చేముందు ఆయన మాట నా దగ్గర ఉండాలి. అది లేకుండా ఇస్తే నా దగ్గర ఆయనది ఇంకేమీ మిగలదు.

ఆయన తిట్టిన మాటైనా సరే, చెప్పు.

మీ వదిన


బస్టాండు ఎదురు లాడ్జి

వదినా,

శిక్షణ తరగతుల్లో ఉన్నాను, ఊపిరి సలపడం లేదు. తిరిగి వెళ్ళాక తీరిగ్గా రాస్తాను. రికార్డింగు బాగా జరగాలి.

పిచ్చుక


క్వారీ వీధి

నీ తీరిక కోసం నా సోమవారం ఆగదు.

వదిన


బస్టాండు ఎదురు లాడ్జి

వదినా,

ఇది కొరియర్‌లో పంపుతున్నాను, శనివారానికి నీకు అందుతుంది.

నిద్రలో లేను. నీకు అబద్ధం రాశాను. ఎందుకు రాశానో ముందు చెబుతాను, లేకపోతే ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాదు.

నిన్న ఇక్కడ పాఠంలో లైట్లు తీసి మన నీళ్ళ బొమ్మ వేశాను. ఈ ఊరివాళ్ళు మా ఊరికి ఇలాంటి మనిషి ఎవరున్నారా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు నేను చెప్పాను, "సాయంత్రం త్వరగా వచ్చేస్తాను, దీపం పెట్టి ఉంచు అన్నారాయన." ఆగాల్సిన చోట ఆగి మరీ చెప్పాను. హాల్లో నిట్టూర్పులు వినబడ్డాయి. నేను తర్వాతి బొమ్మ సరిగ్గా వస్తుందా లేదా అని చూసుకుంటున్నాను. మా అన్నయ్య వదినా. నన్ను భుజమ్మీద ఎక్కించుకుని తిప్పినవాడు, పిచ్చుక అని పేరు పెట్టినవాడు. ఏమీ అనిపించలేదన్న నీ మాటని నేను మా అధికారికి కనిపించకుండా మడిచిపెట్టాను. నాకూ అదే జబ్బని నీకు ఒక్కసారీ రాయలేదు.

అన్నయ్యని నువ్వు ఊరికి ఇచ్చావు, నేను ఆఫీసుకి ఇచ్చాను. ఎవరికీ ఇవ్వకుండా నా దగ్గర ఉంచుకున్నది ఆ పొద్దుటి సంగతి ఒక్కటే. నీకు చెబితే నువ్వు సంఘంలో చెబుతావు, సెలూన్ ఆయన ఇది అంత బాలేదంటాడు, టీచరమ్మ సరిచేస్తుంది, చేతులెత్తుతారు, ఇక నాకూ అది ఉండదు అనుకున్నాను. ఆ పద్ధతి నేర్పింది నేనే కాబట్టి అది ఎలా జరుగుతుందో నాకు బాగా తెలుసు. నీమీద నమ్మకం లేకపోయింది. కోప్పడు, పడతాను.

ఇదీ జరిగింది. అన్నయ్యకి ఆలస్యమైంది. మేజోడు ఒకటి దొరకలేదు. మంచం కింద చూశాడు, బకెట్లో చూశాడు, నా పుస్తకాల సంచీ కూడా బోర్లించాడు. నువ్వు వంటింట్లోంచి "కళ్ళు పెట్టి వెతకండి" అన్నావు. అన్నయ్య ఒక కాలికి మేజోడు, ఒక కాలు వట్టిగా గడపలో నిలబడి, వీధంతా వినబడేలా అరిచాడు.

"ఈ ఇంట్లో పెట్టిన వస్తువు పెట్టినచోట ఉండి చస్తేనా!"

అదే నీతో అన్న చివరి మాట. అలాగే వట్టి కాలు బూటులో దూర్చి వెళ్ళిపోయాడు. మేజోడు కిటికీ ఊచకి ఆరేసి ఉంది. రాత్రి ఉతుక్కుని తనే ఆరేసుకున్నాడు. నీకది కనబడింది. పిలవలేదు, ఉండలా చుట్టి కిటికీలోంచి విసిరావు. సరిగ్గా వీపు మధ్యలో తగిలింది. అన్నయ్య వెనక్కి తిరగలేదు, తిరిగితే ఓడిపోయినట్టు కదా. వంగి తీసుకుని జేబులో కుక్కుకుని, ఏమీ జరగనట్టు నడిచి మలుపు తిరిగాడు. నేను నవ్వింది అందుకు. నీకు చెయ్యి చూపించింది అటే. నువ్వు వచ్చేసరికి వీధి ఖాళీ.

సాయంత్రం అనలేదు. దీపం అనలేదు. ఇంత మామూలుగా, చిరాగ్గా వెళ్ళాడు. విసిరింది నువ్వే, నీకే గుర్తులేదంటే మొదట నమ్మలేకపోయాను. నిన్న హాల్లో నా నోరు నేను విన్నాక నమ్మాను.

ఇక ఇది నీది. సంఘంలో చెబుతావో మెషీన్‌కి చెబుతావో నీ ఇష్టం. నేనేమీ అడగను.

పిచ్చుక


క్వారీ వీధి, చివరి ఇల్లు

పిచ్చుకా,

నీ ఉత్తరం శనివారమే అందింది. చదివాను. మేజోడు, కిటికీ, వీపు, అన్నీ ఒక్కొక్కటే చదువుకున్నాను. ఎవరింట్లోనో జరిగినట్టే ఉంది. ఇదీ పోయిందే అనుకున్నాను. మడిచి బియ్యం డబ్బా కింద పెట్టి అతిథుల దుప్పట్లు మార్చడానికి వెళ్ళాను.

సోమవారం రికార్డు చేసేవాడు వచ్చాడు. సంఘం హాల్లో ఫ్యాను ఆపించి, కిటికీలు మూయించి, నా ముందు ఒక నల్లటి మైకు పెట్టాడు. మేస్త్రి గారూ టీచరమ్మా సెలూన్ ఆయనా గోడవారగా కూర్చున్నారు. చెప్పమ్మా అన్నాడు. నేను ఊరు ఒప్పుకున్న మాటే చెప్పాను. సాయంత్రం త్వరగా వచ్చేస్తాను, దీపం పెట్టి ఉంచు. ఆగాల్సిన చోట ఆగాను. సెలూన్ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, తను చెప్పిన మాటే అయినా. ఎక్కడా తడబడలేదని రికార్డు చేసేవాడు మెచ్చుకున్నాడు.

ఆ మాట వాళ్ళది, వాళ్ళకి ఇచ్చేశాను. ఆ కథ మీద ఈ వీధిలో మళ్ళీ పొయ్యిలు వెలుగుతున్నాయి, దాన్ని నేను చెడగొట్టను. మీ అన్నయ్య మాట మాత్రం చేతులెత్తడానికి పెట్టలేదు. పెట్టను కూడా. నువ్వూ పెట్టకు. నీ మీద కోపం వచ్చింది, అరగంట ఉంది, పోయింది. చాలా రోజుల తర్వాత నాకు వచ్చిన కోపం అది, అందుకని నీకు పెద్దగా శిక్షేమీ వేయడం లేదు.

నిన్న ముందు గదిలో భార్యాభర్తలు దిగారు. పొద్దున ఆవిడ వచ్చి, చీటీ ఉన్నచోట తువ్వాలు లేదండీ అంది. అలా ఎందుకుంటుంది, చూస్తానుండండి అని వెళ్ళాను. నిజంగానే లేదు. బీరువాలో చూశాను, మంచం కింద చూశాను, బకెట్లో చూశాను. ఆవిడ నా వెనకే తిరుగుతోంది, ఆయన స్నానానికి సిద్ధమై గుమ్మంలో నిలబడ్డాడు. నాకు చిరాకెత్తింది. నేను అనాలని అనలేదు పిచ్చుకా, నా నోట్లోంచి అదే వచ్చేసింది, గట్టిగా, వీధిలోకి వినబడేలా.

"ఈ ఇంట్లో పెట్టిన వస్తువు పెట్టినచోట ఉండి చస్తేనా!"

గొంతు నాదే. కానీ 'చస్తేనా' దగ్గర ఆ విరుపు ఆయనది. ఇన్నేళ్ళూ ఎక్కడుందో తెలియదు. ఆవిడ పకపకా నవ్వి, మా ఆయనా ఇంతేనండీ, రోజూ ఇదే పాట అంది. నేను వంటింట్లోకి వచ్చి నేలమీద కూలబడ్డాను. అప్పుడు వచ్చింది. మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పాపం ఆవిడ కంగారుపడి, తువ్వాలు లేకపోతే పోనీలెండి, మా దగ్గర ఉందండీ అంటూ పక్కనే కూర్చుంది. తువ్వాలు కాదమ్మా అన్నట్టు తల అడ్డంగా ఊపాను.

కాసేపటికి లేచి మొహం కడుక్కున్నాను. తువ్వాలు కిటికీ ఊచకి ఆరేసి ఉంది. నేనే వేసి మరిచిపోయాను.

మీ వదిన